ఓడలో మా బావకు వేసిన సూది

ఓడ ప్రయాణం ఎలా జరిగిందని బాన్సువాడలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కూరగాయలు కొంటుంటే ఒకామె, మందుల షాపు దగ్గర ఇంకొకాయన. "మస్తుగుండెనా సిస్టరమ్మా? తిండి ఎంత తింటే గంత పెడ్తరంట కదా!" అంటారు. పెడతారు. ఒక మనిషి నేల మీద పడి ఛాతీ పట్టుకుని గిలగిల్లాడుతుంటే, రెండు గజాల అవతల జనం జిలేబీ కోసం పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడేంత బ్రహ్మాండమైన తిండి పెడతారు. 

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ దవాఖానల్లో నర్సుగా పనిచేశాను. మొదట్లో జుక్కల్ వైపు, తర్వాత ఇటు వైపు. రిటైరై ఇంట్లో ఉన్నాను. మా అక్క భర్తకు బాన్సువాడలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఎరువుల కంపెనీలు తమ సరుకు ఎక్కువగా అమ్మిన దుకాణదారులను టూర్లకు తీసుకుపోతాయి. ఈసారి ఒక కంపెనీ ముంబై నుంచి లక్షద్వీప్ దాకా ఓడలో తిప్పి తెస్తామంది. మా జిల్లా నుంచి నలభై మంది దాకా తేలారు. మా బావ అందరికంటే ఎక్కువ అమ్మాడని ఆయనకు, భార్యాభర్తల టికెట్లు కాక, ఇంకొకటి అదనంగా ఇచ్చారు. ఆ మూడో టికెట్ మీద నన్ను ఎక్కించింది మా అక్క.

"నువ్వుంటే దవాఖాన ఎంట ఉన్నట్టే చెల్లె. ఎందుకైనా మంచిది, రా" అంది.

అక్క అలా అనడానికి కారణం ఉంది. అంతకు సరిగ్గా నెల కిందట మా బావ నెత్తురు కక్కుకున్నాడు. మోకాళ్ల నొప్పులకు ఎవర్నీ అడగకుండా గోలీలు మింగడం, సాయంత్రం కాగానే గ్లాసు పట్టడం, రెండూ కలిసి కడుపులో పుండు పడింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. నాలుగు రోజులు పక్కనే ఉన్నాను. రెండు నెత్తురు సంచులెక్కితే, రెండోదాన్ని నా చేత్తోనే మార్చాను. "కొన్ని వారాలు చాలా జాగ్రత్త, పుండు ఇంకా పచ్చిగానే ఉంది" అని అక్కడి డాక్టర్ నాకే ప్రత్యేకంగా చెప్పాడు.

ఊళ్లో మాత్రం ఆయన హైదరాబాద్‌లో డీలర్ల మీటింగుకు పోయాడని చెప్పారు. వానాకాలం సీజన్ ముందర "సేటు మంచం పట్టిండు" అన్న మాట బయటికి పొక్కితే కంపెనీ సరుకు ఆపుతుందట, రైతులు ఎదురు దుకాణానికి పోతారట. బాన్సువాడలో ఎరువుల దుకాణం నడిపేవాడికి జ్వరం రావడం కూడా పరువు తక్కువే. ఆయన మొండితనం మీద నాకు మండిపోయింది గాని, నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఓడ ఎక్కేవాళ్లు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. గుండె జబ్బుందా, షుగరుందా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా, నెత్తురు పోయిందా, ఏ మందులు వాడుతున్నారు, ఇలా ఒక పేజీ. ఎవరి ఫారం వాళ్లు నింపాలి కదా! మా దుకాణాల్లో ఆ అలవాటు లేదు. రైతుకు ఏ కాగితం అవసరమైనా సేటే నింపుతాడు, సేటు వేలు పెట్టి చూపిన చోట రైతు సంతకం పెట్టి పోతాడు. అదే తీరుగా, కంపెనీ మనిషి ఒకరోజు మా బావ దుకాణంలో కూర్చుని, మిర్చి బజ్జీలు తింటూ, నలభై మంది ఫారాలు తనే నింపాడు. కోస్తా వైపు మనిషి, మాట మహా మెత్తన. అన్ని గళ్లలోనూ "లేదు", "లేదు", "లేదు" అని టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. కాగితం మీద బజ్జీ నూనె మరకలు.

"నాకు షుగరుంది బాబూ" అన్నాను.

"అబ్బే, అవన్నీ రాస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తారండీ. ఇన్సూరెన్సుకు అడ్డం, ఓడెక్కనివ్వరు కూడా. మీరు సంతకం పెట్టేయండి మేడమ్" అన్నాడు.

పెట్టాను. ముప్పై ఏళ్లు కేసు షీట్లు రాసిన చేత్తో పెట్టాను. నాకప్పటికి అరవై దాటినా సముద్రం చూసింది లేదు. అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు.

రెండో రోజు మధ్యాహ్నం, చుట్టూ ఎటు చూసినా నీళ్లే. భోజనాల హాలులో మా బావ పళ్లెం పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. చెమటలు ధారలు కడుతున్నాయి. ఎడమ చెయ్యి లాగుతోందని సైగ చేశాడు. నేను చెయ్యి పట్టి నాడి చూసేలోపలే ఓడ పనివాళ్లు వచ్చేశారు. మైకులో ఏదో ఒక మాట, హాలు పేరు, మూడుసార్లు వినిపించాయి. వాళ్లలో వాళ్లకు అది సంకేతమట, ప్రయాణికులు కంగారు పడకుండా. మావాళ్లు నిజంగానే కంగారు పడలేదు. మా బల్ల దగ్గరున్న ఒక సేటు "హౌసీ ఆట మొదలైనట్టుంది, పాండ్రి" అని లేవబోయాడు.

ఓడవాళ్ల పనికి వంక పెట్టను. డాక్టరు, ఇద్దరు నర్సులు, సంచులు, స్ట్రెచర్, అన్నీ నాలుగు నిమిషాల్లో వచ్చాయి. నర్సును కనుక గడియారం చూడటం నాకు అలవాటు. నలుగురు పనివాళ్లు బల్లల మీది తెల్ల గుడ్డలు లాగి ఆయన చుట్టూ తెరలాగా పట్టుకున్నారు. మనిషి మానం కాపాడటానికే గాని, ఆ తెరకు అటువైపు గరిటెల చప్పుడు ఆగలేదు. పాట ఒక్క నిమిషం ఆపి మళ్లీ పెట్టారు. ఒకామె తెర మీంచి ఫోను ఎత్తి వీడియో తీసింది. థూ! ఆమె చేతిలోంచి ఆ ఫోను లాక్కుని సముద్రంలో విసిరేయాలనిపించింది.

ఓడలో అట్టడుగు అంతస్తులో చిన్న దవాఖాన ఉంది. శుభ్రంగా ఉంది, మందులున్నాయి, మిషన్లున్నాయి. గుండెకు తీగలు పెట్టి ఈసీజీ తీశారు. నాకు చదవడం వచ్చు. పెద్ద గుండెపోటే. డాక్టర్ నెమ్మదస్తుడు, హిందీలో విడమరిచి చెప్పాడు. గుండె నాళంలో నెత్తురు గడ్డ కట్టింది. ఒడ్డున అయితే నాళంలో తీగ పెట్టి తీస్తారు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు, తీరం చేరడానికి గంటలు పడుతుంది. గడ్డను కరిగించే సూది ఉంది. అది ప్రాణం కాపాడవచ్చు. కానీ లోపల ఎక్కడైనా పుండుంటే అక్కడా నెత్తురు ఆగకుండా పోతుంది.

"అందుకే అడుగుతున్నాను. కడుపులో పుండు, నెత్తురు వాంతి, నల్లటి విరేచనం, ఈ మధ్య ఇలాంటివేమైనా అయ్యాయా?"

ఆయన మొదట మా బావనే అడిగాడు. ముఖం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. మా బావ అడ్డంగా తల ఊపాడు. డాక్టర్ అక్క వైపు చూశాడు. అక్క "కుఛ్ నహీ సాబ్" అంది. పక్కనే నిలబడ్డ కంపెనీ మనిషి ఫోనులో ఫారం తీసి, "ఆల్ ఫిట్ సార్, అంతా ఇందులో రాసిచ్చారు" అని చూపించాడు. ఆ వెధవ టిక్కులన్నీ!

అక్క నా ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. చెవిలో, "సప్పుడు చెయ్యకు చెల్లె. ఇప్పుడు బయటపడితే ఇన్సూరెన్సు ఇయ్యరంట. ఇల్లు అమ్మాలె. డాక్టర్ ఉన్నడు, చూసుకుంటడు" అంది.

గోడ మీద గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. నేను మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదు? అక్క చెయ్యి పట్టుకుందని చెప్పుకోవచ్చు, చాలామందికి అలాగే చెప్పాను కూడా. అసలు సంగతి వేరు. ఈయన ఫారం అబద్ధమని తేలితే తర్వాత నా ఫారం తీస్తారు, షుగరున్న ముసలిదాన్ని, అందులోనూ నర్సును, అబద్ధపు ఫారం మీద సంతకం ఎందుకు పెట్టావని నలుగురి ముందు అడుగుతారు, ఈ డాక్టర్ నన్ను పైనుంచి కిందికి ఒక చూపు చూస్తాడు. ఇదీ నా బుర్రలో తిరిగింది. మనిషి ప్రాణం పోతుంటే నా మర్యాద గురించి ఆలోచించాను. ఛీ! కొత్తగా చేరిన పిల్ల నర్సు ఎవతైనా ఇలా చేసి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

అక్క కాగితం మీద సంతకం పెట్టింది. నర్సు మందు కలిపింది. సిరంజిలోకి లాగింది, గాలి బుడగలు తీసింది. డాక్టర్ బావ చేతి నరంలోకి మొదటి మోతాదు నెట్టాడు. మిగతాది సీసాలోంచి చుక్కలుగా పోవాలి, ఆ గొట్టం తగిలించారు. నాకు ఆ నిజామాబాద్ మంచం పక్కన బకెట్టు, అందులో నల్లగా కాఫీ పొడిలాంటి వాంతి, కళ్ల ముందుకొచ్చాయి. అప్పుడు నోరు లేచింది.

"ఆపండి! నెల కింద నెత్తురు కక్కాడు. కడుపులో పుండుంది. రెండు సంచులు ఎక్కించాం. నేనే ఎక్కించాను."

పన్నెండూ నలభై ఎనిమిది.

డాక్టర్ ఒక్క అంగలో వెళ్లి గొట్టం మూసేశాడు. నన్ను తిట్టలేదు. "ఇంతసేపూ ఇక్కడే ఉన్నారు కదా?" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. కంపెనీ మనిషి మాత్రం, "అయ్యో మేడమ్, ఇప్పుడెందుకండీ ఇవన్నీ" అని తల పట్టుకున్నాడు. అక్క నా చెయ్యి వదిలేసి గోడకు ఆనుకుంది.

ముప్పావుగంట తర్వాత మా బావ నెత్తురు కక్కాడు. ఈసారి నల్లది కాదు, ఎర్రటిది. లోపలికి పోయిన ఆ మొదటి మోతాదు చాలు.

ఓడలో నెత్తురు నిల్వ ఉండదు. ఇలాంటప్పుడు ఓడలో ఉన్నవాళ్లనే అడుగుతారట. తమ గ్రూపు ఇదేనని కార్డు చూపించగలిగినవాళ్లు వస్తే, పరీక్ష చేసి, అప్పటికప్పుడు తీసి ఎక్కిస్తారు. కెప్టెన్ ఓడను గోవా వైపు తిప్పించాడు. తీరం నుంచి పడవను ఎదురు పంపమని కబురు పెట్టాడు. మైకులో బి పాజిటివ్ రక్తం కావాలని హిందీలో, ఇంగ్లీషులో చెప్పారు. నా గ్రూపు, అక్క గ్రూపు కలవలేదు.

బి పాజిటివ్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ కంపెనీయే ప్రతి ఏడూ బాన్సువాడలో ఫంక్షన్ హాలు తీసుకుని రక్తదాన శిబిరం పెడుతుంది. బ్యానర్లు, శాలువాలు, అరటిపండ్లు, మంచం మీద పడుకుని చెయ్యెత్తి ఫొటోలు. రిటైరయ్యాక కూడా నన్ను పిలిచి సూదులు గుచ్చమంటారు. మా టూరు వాళ్లలో కనీసం ఏడెనిమిది మందిది బి పాజిటివ్ అని నాకు తెలుసు. వాళ్ల పర్సుల్లో కార్డులున్నాయి, బొమ్మలతో సహా!

మెట్లెక్కి పైకి పరుగెత్తాను. మావాళ్లు ఈత కొలను దగ్గర నిక్కర్లలో ఉన్నారు. మైకు విన్నారు. అందరూ విన్నారు.

"అక్కా, పొద్దటిసంది బీర్లు తాగుతున్నం. మా రక్తం ఎక్కిస్తే అన్నకే నషా ఎక్కుతది" అన్నాడు ఒకడు. ఇద్దరు నవ్వారు కూడా.

"నాకు మొన్ననే జ్వరమొచ్చి పోయింది వదినా."

"గింత పెద్ద ఓడల రక్తం ఉండదా ఏంది? పైసలు గుంజెతందుకు నాటకాలు గివి."

ఒకడైతే తువ్వాలు కప్పుకుని గదికి పోయి తలుపు వేసుకున్నాడు. వాడి చేతికి నేనే రెండుసార్లు సూది గుచ్చాను, రెండుసార్లూ షీల్డు పట్టుకుని పేపర్లో పడ్డాడు. తలుపు బాదాను. తియ్యలేదు. కంపెనీ మనిషి "నేను మన టూరు గ్రూపులో మెసేజ్ పెట్టాను మేడమ్, అందరూ స్పందిస్తున్నారు" అని ఫోను చూపించాడు. నిజమే, స్పందిస్తున్నారు. ఒకరి కింద ఒకరు దండం పెట్టే చేతుల బొమ్మలు. "అన్న తొందరగా కోలుకోవాలి." "దేవుడున్నాడు." నాకు పాతిక అడుగుల దూరంలో కూర్చుని, తడి వేళ్లతో! నా జీవితంలో పుండ్లు కడిగాను, పురుగులు తీశాను, ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. ఆ ఫోను చూస్తే మాత్రం వాంతి వచ్చింది. నిజంగానే వచ్చింది, రెయిలింగు పట్టుకుని కక్కాను.

కిందికి వచ్చేసరికి దవాఖాన ముందు కుర్చీల్లో ఇద్దరున్నారు. ఒకడు ఓడలో దుప్పట్లు ఉతికే మనిషి, ఎక్కడివాడో తెలియదు, నా భాష వాడికి రాదు, వాడి భాష నాకు రాదు. రెండో ఆమె కొత్త పెళ్లికూతురు, చేతుల గోరింటాకు ఇంకా పోలేదు. పక్కన భర్త వద్దని మరాఠీలో బతిమాలుతున్నాడు. మరాఠీ వినిపించే జుక్కల్ వైపు పనిచేశాను కనుక నాకు అర్థమైంది. "వాళ్లకెవరూ లేరేమో, నేనిస్తాను, నువ్వు కూర్చో" అంటోంది ఆమె. పైన నలభై మంది ఉన్నారమ్మా అని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఆ ఇద్దరి నెత్తురుతో మా బావ తీరం దాకా ఆగాడు. సాయంత్రం ఎండ ఉండగానే పడవ వచ్చింది. ఓడ పక్కన నీళ్లకు కాస్త ఎత్తులో ఇనుప తలుపు తెరిచి, స్ట్రెచర్‌ను బెల్టులతో బిగించి, ఊగుతున్న పడవలోకి దింపారు. మా గదులు ఊడ్చే అబ్బాయి మా ముగ్గురి బట్టలూ మడిచి, పెట్టెలు సర్ది తెచ్చిచ్చాడు. మా బావ రాత్రి విప్పి పడేసిన బనీను కూడా మడత పెట్టాడు. మావాళ్లలో దిగింది మేం ముగ్గురమే. పై అంతస్తు నుంచి మావాళ్లు చేతులూపారు. ఆ తర్వాత ఓడ మళ్లీ లక్షద్వీప్ పోయింది, వాళ్లంతా ద్వీపాలు చూసుకునే తిరిగొచ్చారు.

గోవాలో రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నాం. మా బావ బతికాడు. గుండె సగమే పనిచేస్తోంది. ఇన్సూరెన్సు రాలేదు, రాదని నాకు ముందే తెలుసు. అక్క ఆ మాట ఇంతవరకు నాతో ఎత్తలేదు, నాతో వేరే మాటలు కూడా తగ్గించింది. తలుపు వేసుకున్న ఆ సేటు ఊరికి రాగానే ఆపిల్ పండ్ల బుట్టతో పరామర్శకు వచ్చాడు. బుట్టను గేటు దగ్గరే ఆపి తిప్పి పంపించాను. "సిస్టరమ్మకు కోపం ఎక్కువ" అని ఊరంతా చెప్పుకున్నాడట. చెప్పుకోనీ.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున బావకు బీపీ చూడ్డానికి వెళ్లాను. దుకాణం ఇప్పుడు మా అక్కే చూస్తోంది, ఆయన ఇంటి వరండాలో కుర్చీలో ఉంటాడు. ఆ పూట అక్క ఇంకా దుకాణానికి పోలేదు, లోపల ఉంది. చేతికి పట్టీ చుడుతూ, అన్నాళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"బావా, డాక్టర్ అడిగినప్పుడు నీకు తెలివుంది కదా. ఎందుకు అడ్డంగా తల ఊపినవ్?"

 ఆయన ఇప్పుడు నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు.

"కంపెనీ ఆయన నెత్తి మీద నిలవడె. నా నోటితోటి నేనెట్ల చెప్పాలె?"

"మరి సస్తే?"

"సావననుకున్న. నువ్వుంటివి కదా మరదలా. నెత్తురు సంచి మార్చినదానివి నువ్వే. నేను కాదన్నా నువ్వు చెప్తవ్ తియ్ అని నిన్నే చూసుకుంట పండుకున్న." ఊపిరి తీసుకున్నాడు. "శానా సేపు చూసిన. గంతసేపు ఏం ఆలోచన చేసినవ్?"

పట్టీలో గాలి నింపుతున్నాను. రబ్బరు బుడ్డి నా పిడికిట్లో ఉంది. అడిగిన తీరులో కోపం లేదు, తెలుసుకుందామని అడిగాడంతే. నిజం చెప్పేయవచ్చు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"డాక్టరు ముందు రక్తం పరీక్ష చేస్తడనుకున్న బావా" అన్నాను.

"అదే మరి" అన్నాడు ఆయన, మనసు తేలికైనవాడిలా. "అదే అనుకున్న నేను గూడ. నువ్వు ఊకె ఎందుకుంటవ్?" లోపలికి చూసి అక్కను కేకేశాడు, "ఏమే, చెల్లెకు చాయ్ పట్టుకరా. ఆమె లేకుంటే నేనేడ ఉందును!"

అక్క చక్కెర లేని చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయింది. ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను కప్పు ఖాళీ అయ్యేదాకా ఆ చాయ్ తాగాను.